తల ఊపే టీచరు

“చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు” అనే సామెత తెలియని తెలుగువాళ్ళు ఉండరు. దానికి రెండో సగం ఉన్న సంగతి మాత్రం చాలామంది మరిచిపోయారు. ఊదుతున్నవాడిని కాసేపు చూసి ఆ చెవిటివాడు, “దాన్ని కొరకడం నీ తాతతరం కూడా కాదు” అన్నాడట. చిన్నప్పుడు మా అమ్మమ్మ నోట విని నేనూ పడీ పడీ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇద్దరిలో బుర్ర ఉన్నవాడు అతనే అనిపిస్తుంది. ఎదురుగా ఒకడు తెల్లటి గట్టి వస్తువును నోటికి అదిమిపెట్టి, బుగ్గలు ఉబ్బించి, కళ్ళు ఎర్రబడేలా అవస్థ పడుతున్నాడు. కంటికి కనిపించినదాన్ని బట్టి ఇతను వేసిన లెక్కలో తప్పేమీ లేదు. పైగా పాపం అనుకుని సలహా కూడా ఇచ్చాడు. వినబడదని తెలిసీ ఊదుతూ కూర్చున్నవాడి సంగతే ఎవరూ అడగరు. 2017 చివర్లో, ఒక బధిర పాఠశాల ఆరో తరగతి గదిలో, ఆ ఊదిన మనిషిని నేను.

బీఎస్సీ అయ్యాక మామూలు బీఎడ్‌లో నాకు సీటు రాలేదు. మా మేనమామ ఎక్కడో విని వచ్చి, “స్పెషల్ బీఎడ్ చెయ్యమ్మా, పోటీ తక్కువ, పోస్టులు పడతాయట” అన్నాడు. దేనిలో స్పెషలో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఈ రంగంలోకి వచ్చిన చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది. సేవాభావం సంగతి తర్వాత ఇంటర్వ్యూలలో గుర్తొస్తుంది.

జిల్లా కేంద్రంలో ఒక రెండంతస్తుల మేడ, కింద మెడికల్ షాపు, పైన మా కళాశాల. రెండేళ్ళ కోర్సు. నేర్పినది తక్కువని అనను. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా బొమ్మను కళ్ళు మూసుకుని గీయగలిగేదాన్ని. వినికిడి ఎంత ఉందో చూపే ఆడియోగ్రామ్‌లో కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తు. తొంభై డెసిబెళ్ళు దాటితే అతి తీవ్ర లోపం. పొద్దున్నే పిల్లవాడి వెనక నిలబడి, పెదాలు కనబడకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఆరు ధ్వనులు పలికి, వాడి వినికిడి యంత్రం ఆ రోజు పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. ఇవన్నీ ఇప్పటికీ నాకు పనికొస్తున్నాయి.

మాట నేర్పే పద్ధతులైతే మరీ ఇష్టంగా నేర్చుకున్నాను. ‘ప’ అన్నప్పుడు పెదాల ముందు పట్టిన కాగితం ముక్క ఎగరాలి. ‘బ’ అన్నప్పుడు గొంతు మీద పెట్టిన వేళ్ళకు అదురు తెలియాలి. ‘మ’ అన్నప్పుడు ఆ అదురు ముక్కు దాకా పాకాలి. ‘క’ అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది నోటి వెనక ఎక్కడో పుడుతుంది, కంటికి కనబడదు. పిల్లవాడి చేత ‘త’ అనిపిస్తూ నాలుక ముందు భాగాన్ని చెక్కపుల్లతో మెల్లగా అదిమితే, వెనక భాగం తనంతట తానే పైకి లేచి ‘క’ వస్తుంది. ఒక పిల్ల చేత ‘కాకి’ అనిపించడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అనిపించిన రోజున హాస్టల్ అంతా మిఠాయి పంచాను. ఆ పిల్ల మిఠాయి తిని, చప్పట్లు ఎందుకు కొడుతున్నారో అర్థం కాక అందరి ముఖాలూ చూసింది.

ఇక సైగభాష. మా పాఠ్యప్రణాళిక 2015 నాటిది. అందులో భారతీయ సైగభాష ఒక ఐచ్ఛిక పత్రం. ఇంకొన్నిటితో కలిపి ఒక జాబితాలో ఉంటుంది, వాటిలోంచి ఎంచుకోవాలి. సైగలు లేకుండా మాటతోనే నేర్పే ‘మౌఖిక పద్ధతి’ కూడా అదే జాబితాలో ఉంది. మా కళాశాలలో సైగభాష చెప్పేవాళ్ళు లేరు కాబట్టి మేమందరం మరొకటి ‘ఎంచుకున్నాం’. సైగల పేరుతో మాకు దక్కిందల్లా గోడ మీది చార్టు ఒక్కటే. రెండు చేతులతో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, రంగులు, వారాల పేర్లు, అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు. దానితోనే టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళాను.

ఆ రోజు పాఠం నీటి చక్రం. మూడు రాత్రులు మేలుకొని థర్మాకోల్ మీద సముద్రం, కొండ, మేఘం కట్టాను. పదకొండు మంది పిల్లలు అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు. వెనక కుర్చీలో సూపర్‌వైజర్. నేను పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాను, ‘ఆవిరి’, ‘మేఘం’, ‘వర్షం’ అని బోర్డు మీద రాశాను. చివరి బెంచీలో ఒక అబ్బాయి చెయ్యి ఎత్తాడు. లేచి నిలబడి నా థర్మాకోల్ సముద్రాన్ని చూపించాడు. బొటనవేలితో మిగిలిన వేళ్ళ కొసలు రుద్దాడు. నాలుక చూపించి ముఖం చిట్లించాడు. తర్వాత మేఘం చూపించి, వేళ్ళు జారవిడిచి వాన కురిపించాడు. మళ్ళీ వేళ్ళ కొసలు రుద్ది, లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అరచేతులు వెల్లకిలా తిప్పి నా వైపు చూశాడు.

వేళ్ళ కొసలు రుద్దడం నా దృష్టిలో డబ్బు. ఈ బొమ్మ ఎంతకు కొన్నావని అడుగుతున్నాడేమో అనుకున్నాను. వెనక సూపర్‌వైజర్ కలం పట్టుకుని చూస్తున్నారు. నేను వెడల్పుగా నవ్వి, తల ఊపి, బొటనవేలు ఎత్తి చూపించి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. ఆ అబ్బాయి ఇంకో క్షణం నిలబడి కూర్చున్నాడు. సూపర్‌వైజర్ నా రికార్డులో “విద్యార్థుల స్పందనను చక్కగా ప్రోత్సహించారు” అని రాశారు. ఆ పాఠానికి నాకు మంచి మార్కులు వచ్చాయి.

మధ్యాహ్నం బోర్డు తుడవడానికి పదో తరగతి అమ్మాయి ఒకతి వచ్చింది. కిటికీలోంచి చూసిందట. తుడిచేముందు నన్ను పిలిచి సుద్దముక్కతో రాసింది: “సముద్రం నీళ్ళు ఉప్పు. వాన నీళ్ళు ఉప్పు లేదు. ఎందుకు?”

పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్న. ఆవిరి అంటే ఏమిటో నిజంగా అర్థమైన పిల్లవాడు మాత్రమే అడగగల ప్రశ్న. జవాబు నాకు తెలుసు, బీఎస్సీ చదివాను. అడిగినది అర్థం చేసుకునే భాషే లేదు. ఆ తర్వాత నేను ఎన్ని తరగతులు చెప్పినా ఆ అబ్బాయి చెయ్యి ఎత్తలేదు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: సైగభాషలో సంభాషించలేని మనిషికి బధిర పిల్లల టీచరుగా పట్టా ఇవ్వకూడదు. ఇందులో విప్లవం ఏమీ లేదు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషిని తెలుగు మాధ్యమం బడికి సైన్సు చెప్పమని పంపిస్తే ఊరు ఊరుకుంటుందా? బధిర పిల్లల విషయంలో ఊరుకుంటోంది, ఎందుకంటే ఆ పిల్లలు ఫిర్యాదు చేసే భాష ఊరికి రాదు.

ఈ పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఇటలీ దాకా వెళ్ళాలి. 1880లో మిలాన్ నగరంలో బధిరుల విద్య గురించి ఒక అంతర్జాతీయ సభ జరిగింది. వచ్చిన 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కరు. బడుల్లో సైగలు మానేసి మాట మాత్రమే నేర్పాలని వాళ్ళు తీర్మానించారు. దేశదేశాల్లో బధిర టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ తీర్మానం జరిగిన ఐదేళ్ళకు, 1885లో, మన దేశంలో తొలి బధిర పాఠశాల బొంబాయిలో మొదలైంది. అంటే మన బధిర విద్య పుట్టిందే ఆ గాలిలో. సైగలకు సొంత వ్యాకరణం ఉందని అమెరికాలో విలియమ్ స్టోకీ రాసింది 1960లో. మన నగరాల సైగలను పోల్చి చూసి, వీటన్నిటిదీ ఒకే కుదురని తానూ బధిరుడే అయిన మదన్ వశిష్ఠ, ఆయన సహచరులు చూపించింది 1970ల చివర్లో. మిలాన్ తీర్మానాలను తోసిపుచ్చుతున్నామని, జరిగినదానికి చింతిస్తున్నామని అదే పరంపరలోని సభ వాంకూవర్‌లో ప్రకటించింది. అది 2010లో. నూట ముప్ఫై ఏళ్ళు. మా కళాశాల దాకా ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

పెదాలు చూసి అర్థం చేసుకుంటారు కదా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళకు ఒక పని అప్పగిస్తాను. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాప, బాబా, మామ అని పలకండి. మూడింటికీ అద్దంలో ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఇప్పుడు టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడిందనుకోండి, ముఖం నల్లగా ఉంటుంది, ఆ ఒక్క బొమ్మ కూడా ఉండదు. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడిందనుకోండి, పిల్లలకు కనబడేది జడ. శిక్షణలో నా ‘నల్లబల్ల పని’ని ఎంతగానో మెచ్చుకున్నారు. నేను రాస్తూ చెప్పిన ప్రతి వాక్యం గోడకే చెప్పానని ఒక్కరూ అనలేదు.

మరి ఈ పిల్లలు భాష ఎక్కడ నేర్చుకుంటున్నారు? హాస్టల్‌లో. పదిమంది బధిర పిల్లల్లో తొమ్మిదిమందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో ఎవరికీ సైగభాష రాదు. ఆకలి, నిద్ర, నొప్పి, బడి అంటూ ఇంటి సైగలు ఒక పాతిక ఉంటాయి. ఆరేళ్ళ పిల్లవాడు ఆ పాతికతో మా బడికి వస్తాడు. మొదటి వారం మూల కూర్చుని ఏడుస్తాడు. దీపావళి సెలవులకు ఇంటికి వెళ్ళే సమయానికి నిన్న జరిగినది, రేపు జరగబోయేది, తాను చెయ్యని తప్పు, పక్కవాడు చేసిన తప్పు, అన్నీ చెప్పేస్తుంటాడు. అది మా ఘనత కాదు. రాత్రి ఎనిమిదింటికి అన్నాలు తిన్నాక వరండాలో ట్యూబులైటు కింద పెద్ద పిల్లలు చెప్పే సినిమా కథల ఘనత. కరెంటు పోతే ఆ బడి మూతపడుతుంది. టార్చిలైటు ఉన్నవాడి చుట్టూ మళ్ళీ తెరుచుకుంటుంది.

మా బడిలో సైగలు అందరికన్నా బాగా వచ్చినది వంటమనిషికి. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. పైఅధికారులు తనిఖీకి వచ్చి పిల్లలను ఏదైనా అడిగితే, మేము ఆమెను వంటింట్లోంచి పిలుస్తాం. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, అడిగినది పిల్లలకు చెప్పి, పిల్లలు చెప్పినది వాళ్ళకు చెప్పి వెళ్ళిపోతుంది. బీఎడ్‌లు, ఎంఎడ్‌లు చేసిన మేము పక్కన నిలబడి ఉంటాం. బీరువాలో తాళం వేసిన వినికిడి యంత్రాలు బయటికి వచ్చేదీ ఆ తనిఖీ రోజునే. బ్యాటరీల పొదుపు అన్నమాట.

అవును, ‘మా బడి’ అంటున్నాను. నీటి చక్రం చెప్పిన ఆ బడికే ఏడాదిన్నర తర్వాత కాంట్రాక్టు టీచరుగా తిరిగి వచ్చాను. పిల్లలు నన్ను గుర్తుపట్టారు. బధిరుల్లో మనిషికి రాసుకునే పేరు వేరు, సైగ పేరు వేరు. ఆ పేరు మనం పెట్టుకునేది కాదు, వాళ్ళు పెట్టేది. బుగ్గ మీద మచ్చ ఉంటే అది, నడకలో వంపు ఉంటే అది. నన్ను చూడగానే పిల్లలు పెదాలు సాగదీసి నవ్వి తల రెండుసార్లు ఊపేవారు. నవ్వుముఖం టీచరని పేరు పెట్టారని మురిసిపోయాను. ఇంట్లో అమ్మకు కూడా చేసి చూపించాను. నిజం వంటమనిషి చెప్పింది, అదీ నేను బతిమాలి అడిగితే. “ఏమీ అర్థం కాకపోయినా అర్థమైనట్టు తల ఊపేవాళ్ళని అలా అంటారు మేడమ్. మీకు ముందు ఇంకొకాయనకి ఉండేది. ఆయన బదిలీ అయ్యాక మీకొచ్చింది.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది. పొద్దున లేచాక సిగ్గేసింది. ఆ వారంలోనే గురువును వెతుక్కున్నాను.

మా బడిలోనే పదో తరగతి చదివి, ఊళ్ళో డీటీపీ సెంటర్‌లో పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసే ఒకాయన ఉన్నాడు. ఆయనా బధిరుడే, భార్యా బధిరే. నెలకు వెయ్యి రూపాయలు ఇస్తానని కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన ఐదు వందలు అని కొట్టేసి రాశాడు. దుకాణం మూసే వేళ నుంచి గంటసేపు పాఠం. మొదటి రోజే నా చేతిలో నోటుపుస్తకం లాక్కుని గల్లాపెట్టెలో పడేశాడు. రాసుకోవడానికి కళ్ళు దించితే ఆయన చెప్పేది పోతుంది మరి.

ఆ దుకాణంలో ఒక సాయంత్రం నాకు వ్యాకరణం కంటి ముందు నిలబడింది. పిల్లల తెలుగు రాతలో విభక్తులు ఉండవు. “నేను అమ్మ ఉత్తరం రాయి”, “అన్న నేను పెన్ను ఇవ్వు” అని రాస్తారు. అన్న ఇచ్చాడా, అన్నకు ఇచ్చారా తెలియదు. ఎర్ర సిరాతో దిద్దడమే మాకు నేర్పిన వైద్యం. నేను ఆ వాక్యం రాసి ఆయనకు చూపించి, పిల్లలకు ‘కు’, ‘నుంచి’ ఎందుకు రావో అడిగాను. ఆయన బల్ల మీది పెన్ను తీశాడు. ‘ఇవ్వు’ అనే సైగ చేశాడు, చెయ్యి తన ఛాతీ దగ్గర బయలుదేరి నా వైపు వచ్చింది. నేను నీకు ఇచ్చాను. అదే చెయ్యి నా దగ్గర మొదలై ఆయన వైపు వెళ్ళింది. నువ్వు నాకు ఇచ్చావు. భార్య వైపు నుంచి నా వైపు జరిగింది. ఆమె నీకు ఇచ్చింది. కర్త బయలుదేరే చోట ఉంది, ‘కు’ విభక్తి చేరే చోట ఉంది. పిల్లలకు విభక్తి రాకపోవడం కాదు, అది వాళ్ళ భాషలో చేతి దారిలో ఉంది. కాగితం మీద ఆ దారి లేదు, అంతే.

మర్నాడు బోర్డు మీద అన్న బొమ్మ, నా బొమ్మ గీసి, మధ్యలో బాణం గీశాను. బాణం మొన దగ్గర ‘కు’ రాశాను, తోక దగ్గర ఏమీ రాయలేదు. పిల్లలు ‘ఇవ్వు’ సైగ చేసి, చెయ్యి ఆగిన చోట ‘కు’ పెట్టడం మొదలుపెట్టారు. ‘నాకు’, ‘అన్నకు’, ‘అమ్మకు’. అందరికీ రాలేదు, ఒక్కరోజులో రాలేదు. కానీ ఎర్ర సిరా రెండేళ్ళలో చెయ్యలేనిది ఆ బాణం రెండు వారాల్లో చేసింది. సైగభాషకూ తెలుగుకూ ఇలాంటి చుట్టరికాలు ఇంకా ఉన్నాయి. ‘నీ పేరు ఏమిటి’ అనే వరుసే సైగలోనూ, ప్రశ్న చివరికే వస్తుంది. తెలుగులో ‘వచ్చావు’ చివర దీర్ఘం తీసి ‘వచ్చావా’ అంటే ప్రశ్న అవుతుంది, సైగలో ఆ దీర్ఘం పని కనుబొమ్మలు చేస్తాయి. తెలుగు చెప్పే బధిరుల టీచరుకు మొదటి నెలలోనే తెలియవలసినవి ఇవి. నేను వీటిని ఐదు వందల రూపాయలకు పెళ్ళిపత్రికల దుకాణంలో నేర్చుకున్నాను.

ఇప్పుడు చట్టం సంగతి చూడండి. వైకల్యం ఉన్న పిల్లల టీచర్లకు గుర్తింపు ఇచ్చేది భారత పునరావాస మండలి, దాని చట్టం 1992 నాటిది. దాని రిజిస్టర్‌లో పేరు లేనివాళ్ళు ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నకిలీలను ఆపడానికి పెట్టిన నియమం, ఉద్దేశం మంచిదే. కానీ దాని లెక్కలో నేను అర్హురాలిని, నా గురువు అనర్హుడు. తల ఊపిన మనిషికి నంబరు ఉంది, ‘ఇవ్వు’ నేర్పిన మనిషికి లేదు. మరోవైపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పదిహేడో సెక్షన్ సైగభాష, బ్రెయిలీ వచ్చిన టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించాలని, వాళ్ళలో వైకల్యం ఉన్న టీచర్లూ ఉండాలని చెబుతోంది. 2015లో ఢిల్లీలో భారతీయ సైగభాష పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. సైగభాష బోధించడానికి బధిరులకే ప్రత్యేకంగా ఒక డిప్లొమా ఉంది. ఆ కేంద్రం నిఘంటువు 2018లో మూడు వేల మాటలతో మొదలై 2021కి పది వేలకు చేరింది, ఫోనులో రోజూ చూస్తుంటాను. అంటే సరంజామా అంతా సిద్ధంగా ఉంది. దాన్ని తెచ్చి శిక్షణ కళాశాల తరగతి గదిలో పెట్టడమే మిగిలింది.

నా మీదికి వచ్చే వాదనలు తెలుసు. వాటిలో ఒకటి గట్టిది. చిన్న వయసులోనే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం, వేయించి, సరైన మాట శిక్షణ ఇస్తే చాలామంది పిల్లలు విని మాట్లాడతారు, ఇక సైగలెందుకు అంటారు. నిజమే, మాట్లాడతారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషన్లు మొదలైనప్పుడు పేద ఇళ్ళలో ఎంత ఆశ పుట్టిందో నాకు తెలుసు. కేంద్ర పథకం కింద ఒక్కో పిల్లవాడికి ఆరు లక్షల దాకా కేటాయించారు. నేను దానికి అడ్డం కాదు. కానీ ఆపరేషన్ ఒక్కరోజు పని, తర్వాతి శిక్షణ ఏళ్ళ పని. కూలికి వెళ్ళే తల్లి వారానికి రెండుసార్లు పిల్లవాడిని చంకనేసుకుని పట్నానికి ఎన్నాళ్ళు తిరుగుతుంది? చెవి వెనక ప్రాసెసర్ పాడైతే బాగుచేయించే ఖర్చు ఎవరిది? మా బడికి తొమ్మిదేళ్ళకు, పదేళ్ళకు వచ్చేది అలాంటి పిల్లలే. తల లోపల ఇంప్లాంట్ ఉంటుంది, చెవి వెనక ఏమీ ఉండదు, నోట్లో మాట లేదు, చేతుల్లో భాష లేదు. సైగ నేర్పితే మాట రాదని ఎవరో భయపెట్టినందువల్ల ఆ తొమ్మిదేళ్ళూ ఇంట్లో సైగలు కూడా మాన్పించి ఉంటారు. సైగ వల్ల మాట పోయిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. మాట కోసం ఎదురుచూస్తూ భాషే లేకుండా పెరిగిన పిల్లలను మాత్రం పేర్లతో సహా చెప్పగలను.

ఒక తండ్రి ప్రతి రెండో శనివారం వస్తాడు. వచ్చినప్పుడల్లా “మాట వస్తుందా మేడమ్?” అనే ఒక్క ప్రశ్నే. మొదట్లో శాస్త్రీయంగా ఏదేదో చెప్పేదాన్ని. ఈ మధ్య, “ముందు మీరు పాపతో ఏదో ఒకటి మాట్లాడండి” అని కూతురు పక్కన కూర్చోబెట్టి నాలుగు సైగలు నేర్పాను. గేదె, ఈనడం, దూడ, పెయ్యదూడ. ఆ పిల్ల ఇంట్లో లేనప్పుడు గేదె ఈనింది. వాళ్ళ అన్నదమ్ములిద్దరూ దూడకు పేరు పెట్టేశారు, ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తండ్రి మొరటు వేళ్ళతో ఆ నాలుగు ముక్కలు చెప్పగానే అది వరుసగా పదిహేను ప్రశ్నలు వేసింది. ఆయన నా వైపు తిరిగి, “ఇది ఇంత వాగుతుందా!” అన్నాడు.

రెండో వాదన ‘అందరూ మామూలు బడిలోనే’ అన్నది. కాగితం మీద అందంగా ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికి ఒక భవిత కేంద్రం, అందులో ఐఈఆర్పీలు అనే ప్రత్యేక టీచర్లు, వాళ్ళు వారంలో ఒకరోజు ఊరి బడికి వచ్చి వెళ్ళడం. ఆ ఉద్యోగాల్లో నా సహాధ్యాయులు చాలామంది ఉన్నారు, చాలీచాలని జీతానికి ఎండలో తిరుగుతూ చేస్తారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ మిగిలిన ఐదు రోజులు ఆ పిల్లవాడు నలభైమంది మధ్య ఒంటరిగా బోర్డు మీద రాసినది ఎక్కించుకుంటూ కూర్చుంటాడు. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. అది చూసి వాడికి చదువు వస్తోందని అందరూ నమ్ముతారు.

ఈ గొడవ ఇప్పుడు ఎందుకు తెస్తున్నానంటే, పోస్టులు నిజంగానే వస్తున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్లను నియమించాలని సుప్రీంకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు ఉండాలని 2022లో నిబంధన వచ్చింది. పోస్టులు వస్తాయంటే మెడికల్ షాపుల పైన కళాశాలలూ వస్తాయి. వాటిలోంచి మళ్ళీ నాలాంటివాళ్ళే, కాక్లియా బొమ్మ కళ్ళు మూసుకుని గీయగలవాళ్ళే వస్తే, ఇంకో ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీల్లో వాళ్ళే కూర్చుంటారు. సైగభాషను తప్పనిసరి చేయాలి. దాని పరీక్ష కాగితం మీద పెట్టకూడదు. ఒక బధిర పరీక్షకుడు ఎదురుగా కూర్చుని అరగంట కబుర్లు చెప్పించాలి, అతనికి విసుగు పుడితే అభ్యర్థి తప్పినట్టే. బట్టీ కొట్టిన లెసన్ ప్లాన్ల రికార్డులు సగానికి తగ్గించి, ఆ సమయంలో ఛాత్రోపాధ్యాయులను హాస్టల్‌లో ఉంచాలి. ముఖ్యంగా రాత్రి ఎనిమిది తర్వాత.

నేను ఒక్కదాన్నీ చెయ్యగలిగినది ఒకటి చేస్తున్నాను. ఏటా మా బడికి ప్రాక్టీసుకు వచ్చే శిక్షణార్థులను మొదటి రోజు పాఠం చెప్పనివ్వను. ఫోన్లు నా బల్ల మీద పెట్టించి, పెదవి విప్పకూడదని చెప్పి, ఒక్కొక్కరిని ఒక్కో బెంచీలో పిల్లల మధ్య కూర్చోబెడతాను. కిందటి నవంబరులో ఒకమ్మాయి పది నిమిషాలకే లేచి వచ్చి, “మేడమ్, ఇలా ఎంతసేపు?” అని గుసగుసగా అడిగింది. సాయంత్రం నాలుగు గంటల బస్సు దాకా అన్నాను. తిరిగి వెళ్ళి కూర్చుంది. పక్కనున్న ఏడో తరగతి అబ్బాయి ఆమెను ఏదో పొడుగ్గా అడిగాడు. ఆ అమ్మాయికి చెమటలు పట్టాయి. వెడల్పుగా నవ్వి తల ఊపింది.

వాడు వెంటనే నా వైపు తిరిగాడు. పెదాలు సాగదీసి, తల రెండుసార్లు ఊపి, ముందు ఆమె వైపు వేలు చూపించాడు, తర్వాత నా వైపు. ఈ పేరు ఇప్పుడు ఆమెకు ఇచ్చెయ్యాలా, ఇంకా నీ దగ్గరే ఉంచుకుంటావా అని అడుగుతున్నాడు. ఈసారి నాకు అర్థమైంది. ఉంచుకుంటానన్నాను.